శాఖలు వేరైనా సంఘం ఒక్కటి కాగలదా?

ప్రశ్న: మా పట్టణంలో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు సంఘాలు దేనికదే ఆరాధన జరుపుకుంటున్నాయి. ఇవి ఏకమయ్యే వీలుందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వీలుందనడానికి మీరు పేర్కొన్న మొదటి సంఘమే నిదర్శనం. 1919లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో సమావేశమైన పాదిరులు, వారిలో అత్యధికులు భారతీయులే, ఈ చీలికలు బయటినుంచి తమపై మోపినవని ప్రకటించారు. సంఘాలను ఏకం చేసే ఆ ప్రయత్నానికి దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ముఖ్యుడు, ఫలితం చూడకుండానే ఆయన 1945లో కన్నుమూశారు. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అదివరకే కలిసి ఏర్పరచుకున్న దక్షిణ భారత ఐక్య సంఘంతో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు చేరి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ.గా ఒకటయ్యాయి.

ఇంతకాలం పట్టడానికి ప్రధాన కారణం పాదిరుల అభిషేకమే, అంటే వారిని సంఘ సేవకు నియమించే విధానమే. బిషప్ హస్తనిక్షేపణ (తలపై చేతులుంచి ప్రార్థించడం) లేకుండా అభిషిక్తులైనవారిని ఆంగ్లికన్లు ఎలా అంగీకరించాలన్నది పెద్ద చిక్కయింది. చివరకు వారిని తిరిగి అభిషేకించకుండానే స్వీకరించి, ఆపైన జరిగే అభిషేకాలను మాత్రం బిషప్పులకు అప్పగించారు. ఇది నిజంగా సాహసోపేతమైన రాజీ.

బాప్టిస్టుల విషయం వేరు. స్వయంగా విశ్వాసాన్ని ఒప్పుకున్నవారికే బాప్తిస్మమివ్వాలన్నది వారి మూలసూత్రం గనుక, శిశు బాప్తిస్మాన్ని అంగీకరించే సంఘాలతో విలీనం సమీప కాలంలో జరుగుతుందని నేననుకోను. అయితే జనవరి 18 నుంచి 25 వరకు జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థనా వారాన్ని కలిసి ఆచరించడానికి ఈ భేదం అడ్డు కాదు. మీ పాదిరులను ముందుగా అది అడగండి.