ఆ ఆరు శాతం సంగతి

అమ్మాయీ,

నేత పాటల మీద నీ ఇంగ్లీషు వ్యాసం, సిమిలారిటీ రిపోర్టు (ఇతరుల రచనలతో ఎంత శాతం మాటలు కలిశాయో సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్క) రెండూ అందాయి. "సార్, 6 శాతమే వచ్చింది, ఇక టెన్షన్ లేదు" అని రాశావు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు, నిజమే. థీసిస్‌లో 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ అంకెలు మీ స్కాలర్లందరికీ కంఠతా వచ్చేశాయి. కానీ ఆ సాఫ్ట్‌వేర్ వెతికేది మాటల పోలికనే. నీ 6 శాతం తెరిచి చూశాను. చట్టాల పేర్లు, సంస్థల పేర్లు, అందరూ వాడే నాలుగు పదబంధాలు. అందులో తప్పేం లేదు. తప్పు ఉన్నది ఆ సాఫ్ట్‌వేర్ పోలిక అని రంగు వేయని చోట, మూడో పేజీలో.

నేత పాటకు నాడె (మగ్గంలో నూలును అటూ ఇటూ మోసే సాధనం) చప్పుడే తాళమనీ, గుంట మగ్గం పోయి మరమగ్గం రాగానే ఆ తాళం పాటకు అందకుండా పోయిందనీ రాశావు. మంచి ఇంగ్లీషు. కానీ ఈ వాదన నేను పాతికేళ్ల కిందట ఒక తెలుగు ఎం.ఫిల్. వ్యాసంలో చదివాను. ఆ వైవాలో (మౌఖిక పరీక్షలో) ప్రశ్నలడుగుతూ ఎదురుగా కూర్చున్నది నేనే. నువ్విచ్చిన మూడు పాటలూ అందులోవే, వరుస కూడా అదే. ఆ వ్యాసం పేరు చివరి జాబితాలో పెట్టావు, పేరాలో మాత్రం లేదు. తెలుగు టైపు ప్రతి, నీది ఇంగ్లీషు. యంత్రానికి ఎలా దొరుకుతుంది? 2002లో కుమావూ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ పేరున్న భౌతికశాస్త్ర వ్యాసం స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త పాత వ్యాసం నుంచి ఎత్తినదని బయటపెట్టింది కూడా చదివిన మనుషులే. మరుసటి ఏడాది ఆయన రాజీనామా చేశాడు.

నువ్వు కావాలని చేశావని నేను అనుకోవడం లేదు. నా రెండో వ్యాసంలో నాకే ఇలా జరిగింది. లైబ్రరీలో నోట్సు రాసుకుంటూ ఒక వాక్యం నచ్చి ఉన్నదున్నట్టు దింపుకున్నాను. కొటేషన్ గుర్తులు లేవు, పేజీ నంబరు లేదు. ఏడాది తర్వాత నోటుబుక్కు తీస్తే నా దస్తూరీ, అంటే నా వాక్యమే! అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు, మూలం పేజీ నంబరుతో సహా. పత్రికలో సవరణ వేయించుకున్నాను. ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది.

అప్పటి నుంచి ముందు పేజీ నంబరు, తర్వాతే వాక్యం. వాళ్ల మాట ఎర్ర సిరాతో, నా మాట నీలంతో. నువ్వు ల్యాప్‌టాప్‌లో రంగు మార్చుకో, అదే పని. సొంత మాటల్లో రాయాలంటే పుస్తకం మూసి రాయి. తెరిచి పెట్టుకుని "పెరిగింది"ని "వృద్ధి చెందింది" చేస్తే అది పర్యాయపదాల పరీక్ష, రచన కాదు. అనువదించినచోట "అనువాదం నాది" అని ఒక్క ముక్క చేర్చు. ఇంకొకరి వ్యాసంలో కనిపించిన ఉల్లేఖనను మూలం చూడకుండా చూసినట్టు వేయకు. సెమినార్లో చదివిన నీ పేపరు నుంచే తీసుకున్నా, ఆ సంగతి ఎడిటర్‌కు ముందే చెప్పు.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. మూడో పేజీలో పెన్సిల్ గీతలున్నాయి. ఆ ఎం.ఫిల్. చేసినావిడ ఇప్పుడు స్కూల్లో టీచరు. నంబరు ఇస్తాను, ఫోన్ చెయ్యి. ఆ వ్యాసంలో చేర్చకుండా వదిలేసిన పాటలు ఆవిడ దగ్గర ఇంకా చాలా ఉన్నాయి.

మీ సార్