సూసా మార్చ్‌కు బ్యాటన్ పట్టబోయే మనవరాలికి

చిరంజీవి అమ్మడికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మీ స్కూల్ బ్యాండ్ కచేరీలో ఒక పాటకు నిన్నే కండక్ట్ చేయమన్నారని, అది సూసా రాసిన 'వాషింగ్టన్ పోస్ట్' మార్చ్ (కవాతుకు వాయించే బాణీ) అని మీ అమ్మ చెప్పింది. నువ్వేమో "మార్చ్‌లో కండక్టర్‌కి పనేముంది తాతయ్యా, బీట్ కొడితే అదే నడుస్తుంది" అని వాయిస్ మెసేజ్ పెట్టావు. పోలీస్ బ్యాండ్‌లో క్లారినెట్‌తో మొదలై బ్యాండ్ మాస్టర్‌గా రిటైరైనవాణ్ణి, ఆ మాట విని ఊరుకుంటానా? ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఆ మనిషి సంగతి తెలుసుకో. జాన్ ఫిలిప్ సూసా 1854లో వాషింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి మెరైన్ బ్యాండ్‌లో, అంటే అమెరికా మెరైన్ దళం వాళ్ల సైనిక బ్యాండ్‌లో, ట్రాంబోన్ వాయించేవాడు. పదమూడేళ్లప్పుడు పిల్లాడు సర్కస్ బ్యాండ్‌తో పారిపోదామని చూస్తే, తండ్రి తీసుకెళ్లి 1868లో మెరైన్ బ్యాండ్‌లోనే అప్రెంటిస్‌గా చేర్పించేశాడు. పెద్దయ్యాక బయటికి వెళ్లి కొన్నేళ్లు థియేటర్ ఆర్కెస్ట్రాల్లో పనిచేశాడు. నన్నడిగితే అతని అసలు చదువు అక్కడే అయింది. టిక్కెట్టు కొన్న జనం ఎక్కడ విసుక్కుంటారో థియేటర్‌లో తెలిసినంతగా పరేడ్ గ్రౌండ్‌లో తెలియదు. 1880లో మెరైన్ బ్యాండ్‌కే నాయకుడై తిరిగొచ్చి, ఐదుగురు అధ్యక్షుల హయాంలో నడిపాడు. 1892లో రాజీనామా చేసి సొంత బ్యాండ్ పెట్టుకున్నాడు. రాసిన మార్చ్‌లు 130 పైనే.

నీకు పనికొచ్చేది ఆ సొంత బ్యాండ్ కథ. దాదాపు నలభై ఏళ్లు ఊరూరా తిరిగినా, వాళ్లు వీధిలో కవాతు చేసింది వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సార్లే. మిగతాదంతా హాల్లో కూర్చుని వాయించడమే. పెద్ద పాట ముగిసి, చప్పట్లు ఇంకా పడుతుండగానే సూసా ఒక మార్చ్ అందుకునేవాడు. అంటే అక్కడ కదిలే కాళ్లు లేవు, వినే చెవులే ఉన్నాయి. నీ కచేరీ కూడా అలాంటిదే కదా.

ఇక నీ పాట. 'వాషింగ్టన్ పోస్ట్' అనే పత్రిక స్కూలు పిల్లలకు వ్యాసాల పోటీ పెట్టింది. బహుమతులిచ్చే సభ కోసం రాసిన మార్చ్ ఇది. 1889 జూన్ 15న ఆ సభలో వాయించారు. అప్పుడే వస్తున్న టూ-స్టెప్ డాన్స్‌కు ఇది అచ్చంగా అతికింది, దాంతో సముద్రాలు దాటింది. సూసాకు మాత్రం పబ్లిషర్ ఇచ్చింది 35 డాలర్లే! లాభమంతా పబ్లిషర్ జేబులోకి పోయింది. తర్వాత సంగీతం రాసేవాళ్ల హక్కుల కోసం సూసా గట్టిగా కొట్లాడాడంటే కొట్లాడడూ మరి?

జనం డాన్స్ చేసిన పాట అని చెప్పాను కదా, పరిగెత్తించకు. మెట్రోనోమ్ (బీట్ కొట్టి చూపే యంత్రం) నిమిషానికి 120 బీట్ల దగ్గర పెట్టుకుని మొదలుపెట్టు. స్టేజీ ఎక్కాక టెన్షన్‌కి ఎలాగూ కాస్త పెరుగుతుంది.

దీని తాళం సిక్స్-ఎయిట్. నువ్వు చేతితో చూపేది రెండు బీట్లే అయినా, ఒక్కో బీట్ లోపల మూడు ఉంటాయి. చిన్నప్పుడు నీకు నేర్పిన తిశ్రగతి గుర్తు తెచ్చుకో: తకిట, తకిట. పిల్లలు అలసిపోగానే ఈ మూడు కాస్తా నలిగి, బిగుసుకుపోయిన రెండులా వినిపిస్తుంది. రిహార్సల్‌లో వాద్యాలు కింద పెట్టించి, అందరిచేతా నోటితో తకిట చెప్పించు. నవ్వుతారు, నవ్వనీ.

ఇప్పుడు అసలు విషయం. మార్చ్‌లో ఒక్కో భాగం రెండేసి సార్లు వస్తుంది. అచ్చు కాగితంలో రెండుసార్లూ ఒకేలా ఉంటుంది, అందరూ గట్టిగా వాయించేలా. వీధికి అది సరే. హాల్లో సూసా అలా వాయించేవాడు కాదు. రెండో భాగం మొదటిసారి వచ్చినప్పుడు సాధారణంగా కార్నెట్లను (ట్రంపెట్ లాంటివి), ట్రాంబోన్లను, సింబల్స్ అనే పెద్ద కంచు తాళాలను ఆపేసేవాడు. క్లారినెట్లను కింది స్థాయిలో మెల్లగా వాయించమనేవాడు. రెండోసారికి అందరూ ఒక్కసారిగా లేచేవాళ్లు. ఇవి కాగితం మీద ఉండేవి కావు, నోటిమాటగా చెప్పుకున్నవి. అతని దగ్గర వాయించినవాళ్లు గుర్తుపెట్టుకుని చెప్పబట్టి మనకు తెలిశాయి. కండక్టర్‌కి పనేముంది అన్నావే, పనంతా ఇక్కడే ఉంది. ఎవరు ఎప్పుడు మానుకోవాలో చెప్పడం నీ పని. బాగా వాయించే ట్రంపెట్ పిల్లాడికి "ఇక్కడ నువ్వు ఊరుకో" అంటే మొహం మాడుతుంది. ముందురోజే విడిగా పిలిచి చెప్పు.

మొదటి రెండు భాగాల తర్వాత వచ్చే ట్రయో అనే భాగం దగ్గర శ్రుతి మారుతుంది. పాత మధ్యమమే కొత్త షడ్జం అవుతుంది, మనం మధ్యమ శ్రుతిలో పాడినట్టు. విన్నవాళ్లకు గాలి మారినట్టుండాలి కాబట్టి అక్కడ తగ్గించి మొదలుపెట్టించు. చాలా పాత మార్చ్‌లు ట్రయో అయ్యాక మళ్లీ మొదటికి వచ్చి ముగుస్తాయి. సూసా పేరుపొందిన మార్చ్‌లు వెనక్కి రావు, కొత్త శ్రుతిలోనే ముగుస్తాయి. అందుకని బలమంతా ముందే ఖర్చు చేయించకు, చివరిసారికి అట్టేపెట్టు.

మెరైన్ బ్యాండ్ వాళ్లు సూసా మార్చ్‌లు రికార్డ్ చేసి, స్కోర్లతో (అన్ని వాద్యాల స్వరాలూ రాసిన కాగితాలతో) సహా తమ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. నేను చెప్పిన మార్పులు అందులో గుర్తులు వేసి ఉంటాయి. స్కోరు ముందు పెట్టుకుని విను. సూసాకు మాత్రం రికార్డులంటే పడేది కాదు, డబ్బాలో పెట్టిన సంగీతం అని ఎగతాళి చేసేవాడు. ఆ పట్టింపు మనకొద్దు.

చేతులు పెద్దగా ఊపకు. సూసా చాలా తక్కువ కదిలించేవాడట. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకో, చూపుతో ఎక్కువ చెప్పు.

చివరిగా బాస్ డ్రమ్. సూసా బ్యాండ్‌లో ఆగస్ట్ హెల్మెకీ అని ఒక బాస్ డ్రమ్మర్ ఉండేవాడు, దెబ్బ ఎక్కడ బరువుగా వేయాలో తెలిసిన మనిషిగా పేరు. అది తప్పితే బ్యాండ్ మొత్తం తప్పుతుంది. మీ బ్యాండ్‌లో అది వాయించేది ఎవరు? ఆదివారం వీడియో కాల్‌కి ఆ పిల్లనో పిల్లాణ్నో కూడా కూర్చోబెట్టు. నీకంటే వాళ్లతోనే నాకు ఎక్కువ పనుంది.

ఇట్లు,
మీ తాతయ్య