ఒకే తూటా రైఫిల్: వేటకా, సేకరణకా?

ప్రశ్న: పాత విన్‌చెస్టర్ 1885 హైవాల్, రూగర్ నంబర్ వన్ రెండూ నాకు ఇష్టమే కానీ ఒక్కటే కొనగలను. వేటకూ సేకరణకూ ఒకే తుపాకి సరిపోతుందా?

జవాబు: సరిపోదనే నా అభిప్రాయం. లైసెన్సుతో నిజంగా వేటకు వెళ్లేవారైతే రూగర్‌ను, దాచుకొని చూసుకోవాలనుకుంటే హైవాల్‌ను తీసుకోండి.

రెండూ ఒకసారికి ఒకే తూటా పట్టే రైఫిళ్లు, వాటి పనితీరు ఒకే కోవకు చెందినది. కింది మీటను ముందుకు తోస్తే, గొట్టం వెనుక భాగాన్ని మూసి ఉంచిన ఉక్కు దిమ్మ నిలువుగా కిందికి జారుతుంది. బొటనవేలితో తూటాను లోపలికి తోసి మీటను వెనక్కి లాగితే దిమ్మ మళ్లీ పైకి లేచి గట్టిగా బిగుసుకుంటుంది. అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంటు పొందిన హైవాల్ నమూనాను విన్‌చెస్టర్ సంస్థ 1883లో కొని, 1885 నుంచి 1920 వరకు తయారు చేసింది. 1967లో వచ్చిన రూగర్‌కు స్ఫూర్తి మాత్రం స్కాట్లాండుకు చెందిన జాన్ ఫర్కర్సన్ 1872లో పేటెంటు పొందిన రైఫిల్.

వేటలో రూగర్‌దే పైచేయి. తూటాను పేల్చే సుత్తి (హేమర్) లోపలే ఉంటుంది, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ బొటనవేలికి అందుతుంది, టెలిస్కోపు బిగించుకునే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. తూటాల పెట్టె, వెనక్కి కదిలే బోల్టు లేనందువల్ల, అంతే పొడవు గొట్టమున్న, బోల్టును ముందుకూ వెనక్కూ జరిపి తూటా నింపే రైఫిల్ కంటే ఇది సుమారు 10 సెంటీమీటర్లు పొట్టిగా ఉండి పొదల్లో తిప్పుకోవడానికి అనువుగా ఉంటుంది. గొట్టం కింది చెక్కను బిగించే మరను (స్క్రూను) మాత్రం గమనిస్తూ ఉండండి. ఆ చెక్క గొట్టాన్ని ఒత్తే తీరు మారితే గురి కూడా మారవచ్చు. రెండో తూటాను వేళ్ల మధ్య పట్టుకొని వేగంగా నింపడం సాధన చేయవచ్చు కానీ, దానిని నమ్ముకొని తొందరపడి మొదటి గుండు పేల్చడం జంతువుకు చేసే అన్యాయం.

అసలైన హైవాల్‌ను వేటకు సిద్ధం చేయాలంటే టెలిస్కోపు కోసం రంధ్రాలు వేయాలి, మెరుగు పెట్టాలి. సేకరణకర్త విలువ కట్టేది అలా చెరిగిపోయే గుర్తులకే. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకి మందు) కాలంలో తయారైన తుపాకిలో నేటి శక్తిమంతమైన తూటాలను నిపుణుడు పరీక్షించనిదే ఎన్నడూ పేల్చకూడదు. కొనే ముందు స్క్రూల తలలను దగ్గరగా చూడండి: గాడి అంచులు నలిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట. గొట్టం మీది అక్షరాల అంచులు మొద్దుబారి, ఉక్కు మాత్రం కొత్తదానిలా మెరుస్తుంటే, దానిని అరగదీసి మళ్లీ రంగు వేసినట్టు అనుమానించాలి. అటువంటి మెరుపు కంటే, సహజంగా గోధుమ రంగుకు తిరిగి చెక్కుచెదరని అక్షరాలతో ఉన్న తుపాకికే నేను ఎక్కువ చెల్లిస్తాను.

హైవాల్ ఆకృతి మీదే మనసుండి, వేటకూ వెళ్లాలనుకుంటే, జపాన్‌లోని మిరోకు కర్మాగారం బ్రౌనింగ్ పేరుతో తయారు చేసిన కొత్త 1885ను వెతకండి. దాని మీద గీతలు పడినా చరిత్ర ఏమీ చెరగదు.