మూడ్ కోసం కూర్చోకురా

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "చదవాలనే ఉంది గానీ మూడ్ రావట్లేదు" అన్నావు. గ్రూప్-1 మెయిన్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నవాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. మా రోజుల్లో నేనూ అన్నాను. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కర్చీఫ్ వేసి సీటు ఆపుకొని, బయట చాయ్ బండి దగ్గర గంటన్నర గడిపినవాణ్ణే.

మూడ్ వచ్చాక పని మొదలుపెడదాం అనుకునేవాణ్ణి. అది రాలేదు. పది నిమిషాలు రాశాక చెయ్యి తిరిగేది, ఆ తర్వాతే మనసు దారికొచ్చేది. అందుకే నీకు టైమ్‌టేబుల్ ఏమీ చెప్పను. గోడకు అంటించిన నీ రంగుల టైమ్‌టేబుల్ ఫొటో చూశాను. బాగుంది. గీయడానికే ఒక రోజు పోయుంటుంది.

జనరల్ ఎస్సే పేపరే తీసుకో. మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోదానికి 50 మార్కులు. "ఇవాళ వ్యాసం రాయాలి" అనుకుంటే కాలు కదలదు. నోట్‌బుక్ తీసి పైన తేదీ వేసి, ప్రశ్న రాయి. కింద ఒక్క పేరా రాయి, ఎంత చెత్తగా వచ్చినా సరే. అక్కడితో లేవాలనిపిస్తే లే, తప్పేం లేదు. నేనైతే చాలాసార్లు లేవలేదు.

ఇంకోటి నాకు ఆలస్యంగా తెలిసింది. రాత్రి వ్యాసం పూర్తిచేసి పడుకోకు. తర్వాత ఏం రాయాలో తెలిసిన చోట, వాక్యం మధ్యలోనే పెన్ను పెట్టేయ్. ఆ పేజీ తెరిచే ఉంచు. పొద్దున్నే ఎక్కడ మొదలుపెట్టాలా అని తడుముకోనక్కర్లేదు. వ్యాసం పూర్తయిన మర్నాడే నేను ఎక్కువగా చాయ్ బండి దగ్గర దొరికేవాణ్ణి.

లైబ్రరీకి వెళ్లేటప్పుడు ఫోన్ రూమ్‌లోనే వదిలెయ్. పరీక్ష వాయిదా పడుతుందా లేదా అని టెలిగ్రామ్ గ్రూపుల్లో జరిగే గొడవ సాయంత్రానికీ అక్కడే ఉంటుంది.

రెండు మూడు వారాలుగా నిద్ర పట్టక, అన్నం సయించక, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకుండా ఉంటే మాత్రం దాన్ని బద్ధకం అనుకోకు. 14416కు ఫోన్ చెయ్. టెలి మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వమే నడుపుతోంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మీ నాన్నకు చెప్పడం ఇబ్బందైతే ముందు నాకు చెప్పు.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఎన్ని గంటలు చదివావని అడగను. ఏ వాక్యం దగ్గర ఆపావో చెప్పు చాలు.

పెద్దనాన్న