పాత ట్రాక్టర్: మీటరు కన్నా చేసిన పని ముఖ్యం

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గరి పల్లె. ఏడెకరాల వరి పొలం ఉంది. దమ్ముకు, అంటే నాట్లకు ముందు నీటిమడిని బురదగా దున్నడానికి, అద్దె ట్రాక్టర్ సమయానికి దొరకక ఏటా నాట్లు ఆలస్యమవుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు 2008 నాటి మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ అమ్మకానికి వచ్చింది. మీటరులో ఇంజిన్ నడిచిన గంటలు తక్కువే ఉన్నాయి. కొనవచ్చునా?

జవాబు: కొనవచ్చును, కాని మీటరును నమ్మి కొనకండి. కేబుల్ తెగి ఏళ్ల తరబడి ఆగిపోయిన మీటర్లు పాత ట్రాక్టర్లలో సర్వసాధారణం. ఇన్నేళ్లూ ఆ బండి ఏ పని చేసిందో ముందు విచారించండి. దుక్కికీ నూర్పిడికీ తిరిగిన బండికీ, ఇసుక, ఇటుకల ట్రాలీ లాగిన బండికీ వయసు ఒకటే అయినా అరుగుదల ఒకటి కాదు. ట్రాలీ లాగిన బండికి క్లచ్, బ్రేకులు ముందుగా పోతాయి; ఏటా ఇనుప చక్రాలతో దమ్ములో దిగిన బండికి వెనక ఇరుసు సీళ్లు దెబ్బతిని బురదనీరు లోపలికి చేరుతుంది.

ఈ మోడల్ బలం దాని సరళత్వం. మూడు సిలిండర్లు, సుమారు 36 హార్స్‌పవర్ ఉన్న దీని ఇంజిన్‌లో సెన్సార్లు లేవు, డీజిల్ పంపు నుంచి నాజిల్ దాకా అంతా యాంత్రికమే కనుక పొలంలో ఆగిపోయినా ఊరి మేస్త్రీ స్పానర్లతోనే విప్పి సరిచేయగలడు. విడిభాగాలకూ ఇబ్బంది ఉండదు. అదే హెచ్.ఎం.టి. వంటి బండి అయితే, దాని తయారీ విభాగాన్ని మూసివేయాలని ప్రభుత్వం 2016లోనే నిర్ణయించింది కాబట్టి, గేరుబాక్సు భాగాలు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోకుండా నేనైతే బయానా ఇవ్వను.

బలహీనత మీ పొలంలోనే బయటపడుతుంది. ఆ కాలపు బండ్లలో ఎక్కువగా క్లచ్ ఒక్కటే ఉంటుంది. దాన్ని తొక్కగానే చక్రాలతో పాటు, పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు (పి.టి.ఒ.) కూడా ఆగిపోతుంది. ఆ షాఫ్టుతో తిరిగే బ్లేడ్లున్న రోటావేటరుతో దమ్ము చేస్తూ గట్టు దగ్గర గేరు మార్చిన ప్రతిసారీ బ్లేడ్లు ఆగి, వాటికి బురద చుట్టుకుంటుంది. పి.టి.ఒ. అక్కరలేని కల్టివేటరుతో దమ్ము చేసేవారికి ఈ చిక్కు లేదు. పైగా ఆయిల్‌లో మునగని పొడి బ్రేకుల్లోకి నీరు చేరితే పట్టు తగ్గిపోతుంది. దమ్ము ముగించి గట్టెక్కి రోడ్డు మీదికి వచ్చేటప్పుడు ఇది ప్రాణాలకే ముప్పు కావచ్చు.

చూడడానికి ఉదయాన్నే వెళ్లి, ముందుగా ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. మా ఇంటికి పాత బండి కొన్న రోజున అది ఒక్క తిప్పుకే స్టార్టయింది. బానెట్ అప్పటికే వెచ్చగా ఉన్నా నేను పట్టించుకోలేదు. మర్నాడు చల్లని ఇంజిన్ ఎంత తిప్పినా అందుకోలేదు, అందుకున్నాక నీలిపొగ ఆగలేదు. చివరికి లైనర్లు, పిస్టన్లు మార్పించవలసి వచ్చింది. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. డిప్‌స్టిక్ మీది ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరు చేరింది. ఆ బేరం వదులుకోండి. కల్టివేటరును పైకెత్తి ఇంజిన్ ఆపి పది నిమిషాలు చూడండి. అది త్వరత్వరగా కిందికి దిగిపోతుంటే పనిముట్లను ఎత్తే లిఫ్టు లోపల సీళ్లు అరిగాయి. ముందు చక్రాన్ని జాకీతో లేపి చేత్తో ఊపితే ఆ చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్, బుష్‌ల అరుగుదల తెలిసిపోతుంది.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా రిజిస్ట్రేషన్ ఉన్న ట్రాక్టరును ఒడిశాలో అలాగే నడపవచ్చునా? (గుణుపురం పాఠకుడు)

జవాబు: 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఒడిశా రిజిస్ట్రేషన్ తీసుకోవలసిందే. దానికి అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. దానిని అమ్మకందారు చేతే తెప్పించి, ఆ తరువాతే మిగతా డబ్బు చెల్లించండి. బండి మీద బ్యాంకు అప్పు ఉండి ఉంటే, అది తీరినట్లు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైందో లేదో చూడండి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. పై ప్రశ్నలోని 2008 నాటి బండి వంటిదైతే అది 2023లోనే ముగిసింది కనుక, ఐదేళ్ల పునరుద్ధరణ చేయించారో లేదో కూడా పత్రం చూసే నిర్ధారించుకోండి.