కారులో కమురు వాసన: విప్పే ముందు చూడాల్సినవి

చిరంజీవికి,

కారులో కమురు వాసన వస్తోందని రాశావు గానీ, ఎప్పుడు వస్తోందో రాయలేదు. అసలు సంగతంతా అందులోనే ఉంది నాయనా. స్టార్ట్ చేయగానేనా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, ఏసీ వేసినప్పుడా, హైవే మీద గంట నడిపాకనా? అది తేలకుండా షెడ్డుకి తీసుకెళ్తే క్లచ్ పోయిందంటారు. డబ్బు పోసి సెట్టు మార్పించాక వాసన మళ్లీ వస్తుంది.

ముందు ఒక జాగ్రత్త. ప్లాస్టిక్ కాలిన ఘాటు గానీ, పెట్రోలు వాసన గానీ తగిలితే పరీక్షలు పెట్టుకోకు. పక్కకు తీసి, ఇంజన్ ఆపి, అందర్నీ దింపెయ్యి. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే బానెట్ ఎత్తొద్దు, గాలి తగిలి భగ్గుమంటుంది. పొగ లేదని తేలాకే తీసి, 10 నంబరు పానాతో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదియ్యి. పాజిటివ్ ముందు విప్పబోతే పానా బాడీకి తగిలి నిప్పులు చిమ్ముతుంది.

ప్లాస్టిక్ ఘాటు వైరింగ్‌ది అనిపిస్తే ఫ్యూజు బాక్సుతో మొదలుపెట్టు. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెట్టేవాళ్లున్నారు. అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. హెడ్‌లైట్ హోల్డర్లూ పీకి చూడు. 60/55 వాట్ల బల్బు ఉండాల్సిన చోట 100/90 వేస్తే, 5 ఆంపియర్లు లాగాల్సింది 8 దాటుతుంది. రిలే (ఎక్కువ కరెంటును స్విచ్చి మీద పడకుండా మోసేది) లేకపోతే హోల్డర్ గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. వాసన ఏసీ గాలితోనే వస్తూ, బ్లోయర్ నాలుగో స్పీడు మీద తప్ప తిరగకపోతే రెసిస్టర్ (బ్లోయర్ స్పీడు తగ్గించే భాగం) పోయినట్టే. అదొక్కటే మార్చి వదిలేయకు. ఏసీ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే రెసిస్టర్‌కి చల్లగాలి అందదు, మోటారు బిగుసుకుంటే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ రెండూ సరిచేయకపోతే కొత్తదీ మాడుతుంది.

వాసన సిగ్నల్ దగ్గర ఆగిన నిమిషానికి వచ్చి, బండి కదలగానే పోతే అది ఇంజన్ ఆయిల్. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ గట్టిపడి, ఆయిల్ చుక్కచుక్కగా ఎగ్జాస్ట్ మీద పడుతుంది. టార్చి వేసి చూస్తే కవర్ అంచు కింద దుమ్ము అంటుకున్న నల్లటి చార కనబడుతుంది. ప్యాకింగ్ కొత్తది వేసి, బోల్టులు మధ్య నుంచి బయటికి రెండు విడతల్లో బిగించాలి. చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే చాలు, అంతకుమించి బలం చూపిస్తే మరలు పోతాయి. కొత్త ప్యాకింగ్ కూడా త్వరలోనే కారిందంటే పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలేది) పూడుకుని లోపల ఒత్తిడి పెరుగుతోందని అర్థం. సర్వీసు చేయించిన మర్నాడు వచ్చే వాసన మాత్రం పోసేటప్పుడు ఒలికిన ఆయిల్‌ది కావచ్చు, అయినా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూసుకో.

చాలామంది పొరబడేది బ్రేకు దగ్గర. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు కాలితే వాసన ఇంచుమించు ఒక్కటే. తేడా చక్రాలే చెబుతాయి. బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపు. చేయి ముట్టించకుండా నాలుగు చక్రాల దగ్గరా పెట్టి చూడు. ముందు చక్రాలు కొంచెం ఎక్కువ వేడిగా ఉండటం మామూలే. ఒక్కటి మాత్రం సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది. చల్లారాక జాకీ వేసి ఆ చక్రం తిప్పు. తిరగకపోతే బ్లీడర్ నిప్పిల్ (బ్రేకు ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చెయ్యి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లోపలే చిక్కుకుంది: బ్రేకు హోస్ లోపల పూడింది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో లోపం. అయినా తిరగకపోతే కాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) పిస్టనో, అది జరిగే స్లైడ్ పిన్నులో తుప్పుపట్టాయి. పిన్నులకు సిలికోన్ గ్రీజే రాయి. మామూలు గ్రీజుకు రబ్బరు బూట్లు ఉబ్బి మళ్లీ పట్టేస్తాయి. నిప్పిల్ విప్పాక బ్రేకు లైనులో చేరిన గాలి తీయకుండా బండి రోడ్డెక్కించకు. వెనక చక్రాలు రెండూ వేడెక్కితే హ్యాండ్ బ్రేక్ కేబుల్ చూడు. పట్టేసిన బ్రేకుతో అలాగే లాగిస్తే బ్రేకు ఆయిల్ మరిగి, అవసరానికి పెడల్ నేలకు దిగిపోతుంది.

చక్రాలు నాలుగూ బాగుంటే అప్పుడు క్లచ్. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 మీద పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కు. ఆర్‌పీఎం ముల్లు లేచి స్పీడు లేవకపోతే ప్లేటు జారుతోంది, మార్చాల్సిందే. జారకపోతే నీ ఎడమ కాలు క్లచ్ పెడల్ మీద ఊరికే ఆనించి నడుపుతున్నావేమో చూసుకో. సెల్లార్ ర్యాంపు మీద హాఫ్ క్లచ్‌తో (పెడల్ సగం తొక్కి) బండి నిలబెట్టడమూ అంతే చేటు.

రబ్బరు వాసనతో కీచుమని చప్పుడొస్తే బెల్టు. తీపి వాసనైతే కూలెంట్. రేడియేటర్ మూత వేడి మీద తీయకు. సైలెన్సర్‌కి పాలిథిన్ కవర్ అంటుకున్నా కమురు వాసన వస్తుంది, ముందు ఒకసారి వంగి కిందకి చూడు.

ఈ ఆదివారం చక్రాల పరీక్ష చేసి, ఏది వేడెక్కిందో నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాకా ఘాట్ రోడ్డుకి ఆ బండి తీయొద్దు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న