చుక్కల దగ్గర మొదలుపెట్టు

బైరాగిపట్టెడ,
తిరుపతి.

మేనకోడలికి అత్త ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వన్న మాట నా మనసులోనే తిరుగుతా ఉంది. "పిల్లోళ్ళు సిద్ధాంతాలన్నీ గడగడా ఒప్పజెప్తారత్తా, బొమ్మ కొంచెం తిప్పి ఇస్తే మాత్రం పెన్ను కదలదు" అన్నావు. ఫోనులో తేలే సంగతి కాదు గనక రాస్తున్నా. కాణిపాకం అవతల ఆ హైస్కూల్లో నువ్వు లెక్కల టీచరుగా చేరి మూడు నెలలే అయింది. అలవాట్లు గట్టిపడకముందే చెప్తే మేలనిపించింది. ఆ వయసులో నాకు చెప్పినవాళ్ళు లేరు.

మొదటి ఎనిమిదేళ్ళు నేను రేఖాగణితం చెప్పలేదమ్మా, డిక్టేషన్ ఇచ్చాను. దత్తాంశం (ఇచ్చింది), సారాంశం (నిరూపించాల్సింది), నిర్మాణం, ఉపపత్తి (నిరూపణ) అని బోర్డు మీద రాసేదాన్ని, వాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు. ఒక అర్ధసంవత్సర పరీక్షలో ఏబీసీ బదులు పీక్యూఆర్ పెట్టి, త్రిభుజాన్ని తలకిందులుగా గీసి ఇచ్చాను. సిద్ధాంతం అదే. ముప్పాతిక మంది ఆ ప్రశ్న వదిలేశారు. ఆ రాత్రి పేపర్లు దిద్దుతూ ముందు వాళ్ళ మీదే కోపం తెచ్చుకున్నాను. దిద్దడం అయ్యేసరికి తెలిసొచ్చింది. వాళ్ళు నేర్చుకున్నది పద్యం. పద్యంలో అక్షరాలు మారిస్తే అది ఆ పద్యం కాదు కదా! నేర్పింది నేనే.

ఇది మన ఊళ్ళో మాత్రమే ఉన్న జబ్బు కాదని తర్వాత చదివాను. నెదర్లాండ్స్‌లో వాన్ హీలే దంపతులు, ఇద్దరూ లెక్కల టీచర్లే, తమ తరగతుల్లో ఇదే చూసి 1957లో పరిశోధన పత్రాలు రాశారు. పిల్లవాడికి ముందు ఆకారం కనబడుతుంది. తర్వాత దాని లక్షణాలు కనబడతాయి. ఆ తర్వాత ఒక లక్షణానికీ ఇంకొక లక్షణానికీ ఉన్న సంబంధం తెలుస్తుంది. నిరూపణ అక్కరపడేది అప్పుడే. మనమేమో నాలుగో మెట్టు మీద నిలబడి మొదటి మెట్టు మీది బిడ్డతో మాట్లాడుతుంటాం. వయసు పెరిగినంత మాత్రాన ఆ మెట్లు ఎక్కరనీ, ఇచ్చిన పనిని బట్టే ఎక్కుతారనీ వాళ్ళు చెప్పిన మాట నాకు బాగా పట్టింది.

నీ పిల్లలు ఏ మెట్టు మీదున్నారో తెలియాలంటే కాగితంతో చతురస్రం కత్తిరించి, మూల కిందికి వచ్చేట్టు పట్టుకుని "ఇదేంది?" అని అడుగు. తొమ్మిదో తరగతిలో కూడా "డైమండ్ మేడం" అంటారు. నవ్వొద్దు, దిద్దొద్దు. మెల్లగా తిప్పి చూపి, "ఇప్పుడు?" అను. ఆ ఒక్క నిమిషంలో వాళ్ళలో వాళ్ళకు వచ్చే వాదన నీ పీరియడంతటికీ సరిపోతుంది. నువ్వు కూడా బోర్డు మీద త్రిభుజాన్ని ఎప్పుడూ నిటారుగా గీయొద్దు. పక్కకు ఒరిగినవీ, పొడుగ్గా సాగినవీ గీయి.

ఇల్లు కట్టేటప్పుడు పునాదికి ముగ్గు పోయడం నీ పిల్లలు చూసే ఉంటారు. మేస్త్రి ఎదురెదురు భుజాలు సమానంగా కొలిచి, తర్వాత మూల నుంచి మూలకు టేపు పట్టి, రెండు కర్ణాలూ ఒకటే వస్తే మూలమట్టం సరిపోయిందంటాడు. "కర్ణాలు మాత్రం సమానమైతే చాలదా?" అని అడిగి, చేతికి సమానమైన రెండేసి చీపురుపుల్లలు ఇవ్వు. ఇష్టమొచ్చినట్టు అడ్డంగా పెట్టి కొసలు కలపమను. ఎన్ని వంకర చతుర్భుజాలు వస్తాయో చూడు! రెండు పుల్లలూ నడిమధ్యలో కలిస్తేనే దీర్ఘచతురస్రం. అక్కడే లంబంగా కూడా కలిస్తే చతురస్రం. ఇది వాళ్ళంతట వాళ్ళే కనుక్కుంటారు. మేస్త్రి భుజాలు ఎందుకు ముందు కొలిచాడో అప్పుడు అడిగితే, భు.భు.భు. సర్వసమానత్వం (మూడు భుజాలకు మూడు భుజాలూ సమానమైతే రెండు త్రిభుజాలూ ఒకటే అనేది) వాళ్ళకు ఒక పనిముట్టులా చేతికి వస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం చెప్తా. ధనుర్మాసం రాగానే మొదలుపెట్టు. మన ఇళ్ళలో ముగ్గుకు చుక్కలు రెండు రకాలుగా పెడతాం కదా. చుక్క కింద చుక్క వచ్చేట్టు ఒకటి, సందు చుక్క ఒకటి. నడిమి వరుసలో ఏడు పెట్టి, రెండువైపులా ఒక్కొక్కటి తగ్గిస్తూ నాలుగు వరకు సందు చుక్క పెడితే మొత్తం 37 చుక్కలు, అంచు షడ్భుజి. అందులో సమబాహు త్రిభుజాలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఇప్పుడు చుక్క కింద చుక్క పెట్టించి, మూడు మూలలూ చుక్కల మీదే ఉండేట్టు సమబాహు త్రిభుజం గీయమను. ఇంకేమీ చెప్పొద్దు.

నా క్లాసులో ఒకడు పది నిమిషాల్లో "వచ్చేసింది మేడం" అని లేచాడు. భూమి 8 గళ్ళు, ఎత్తు 7 గళ్ళు. స్కేలు పెట్టి కొలిచాం. మూడు భుజాలూ ఒకటే! క్లాసంతా చప్పట్లు. నేనూ ఒప్పుకుని, "స్కేలు లేకుండా చూపించు" అన్నాను. పైథాగరస్ వేశాడు. పక్క భుజం వర్గం 16, 49 కలిపి 65. భూమి వర్గం 64. వాడి ముఖం చూడాలి నువ్వు. ఒక పిల్ల ఇంటికి పోయి మరుసటి రోజు 30, 26 తెచ్చింది. 900కు 901. దగ్గరికి పోతాండారు గానీ అందడం లేదు. "ఇంకా పెద్దది వేస్తే వస్తాదేమో మేడం!" అన్నారు. దొరకలేదనడానికీ, దొరకదనడానికీ ఉన్న తేడా ఆ రోజు వాళ్ళకు మొదటిసారి ఎదురైంది. దొరకదని చెప్పాలంటే ఎన్ని ముగ్గులు వేసినా చాలదు, ఆలోచన కావాలి.

పదో తరగతి పిల్లలకు ఆ దారి అందుతుంది. చుక్కల మీద ఏ త్రిభుజం గీసినా దాని చుట్టూ గళ్ళ వెంబడి దీర్ఘచతురస్రం కట్టి, మిగిలిన ముక్కలు తీసేస్తే వైశాల్యం పూర్ణసంఖ్యో, అరతో ఆగే సంఖ్యో అవుతుంది. సమబాహు త్రిభుజం వైశాల్యమేమో భుజం వర్గంలో నాలుగో వంతును √3తో గుణించినది. చుక్కల మీద భుజం వర్గం పూర్ణసంఖ్యే. అంటే √3 అకరణీయ సంఖ్య (రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగేది) కాకతప్పదు, అది కరణీయమని, అంటే అట్ల రాయలేనిదని, మొదటి అధ్యాయంలోనే చదువుకున్నారు. రెండూ ఎట్ల కుదురుతాయి? ఇదంతా నువ్వే చెప్పేయొద్దమ్మా. "వైశాల్యం చూడండి" అని ఒక్క మాట అని, వారం రోజులు ఆగు. నేను ఒక ఏడాది ఆగలేక చెప్పేశాను, ఆ బ్యాచ్‌కు అది ఇంకొక పద్యం అయిపోయింది.

ఆగడమే కష్టం. ప్రశ్న వేసి మనమే రెండు సెకన్లలో జవాబిచ్చేస్తాం. మనసులో పది లెక్కపెట్టు. జవాబు వచ్చాక కూడా తప్పో ఒప్పో చెప్పకుండా "నువ్వేమంటావు?" అని వెనక బెంచీని అడుగు. తప్పు జవాబును తుడవొద్దు, బోర్డు మీదే ఉంచి "ఇది కుదరని బొమ్మ ఒకటి గీయండి" అను.

పోర్షన్ సంగతి అడుగుతావని తెలుసు. వారానికి ఒక్క పీరియడ్ ఇట్ల వాడు, మిగిలినవి మామూలుగా నడుపు. పబ్లిక్ పరీక్షకు ఉపపత్తి రాసే పద్ధతి నేర్పాల్సిందే, నేర్పు. అయితే ఆ పద్ధతి చివర్లో రావాలి. హెడ్‌మాస్టర్ అడిగితే ఒకసారి వచ్చి వెనక కూర్చోమని నువ్వే పిలువు.

ఒకటి మాత్రం ఇద్దరం కలిసి చేద్దాం. మార్చి 21న మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో మన దగ్గర నీడ ఆ రోజుకంతటికీ పొట్టిగా ఉంటుంది. మీటరు కర్రను నిలువుగా నాటించి, 12 నుంచి ప్రతి ఐదు నిమిషాలకూ నీడ కొస దగ్గర గుర్తు పెట్టించు. అప్పుడు సూర్యుడు దాదాపు భూమధ్యరేఖ నడినెత్తిన ఉంటాడు గనక, కర్రకూ ఎండకూ మధ్య కోణం ఇంచుమించు మీ ఊరి అక్షాంశమే. సూర్యకిరణాలను సమాంతర రేఖలుగా తీసుకుంటే ఏకాంతర కోణాల పాఠం అక్కడే దొరుకుతుంది. ఇక్కడ మేడ మీద నాకు ఇంచుమించు 24 సెంటీమీటర్లు రావాలి, మీకు అంతకంటే అర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువగా తగ్గాలి. నీడ కొస మసగ్గా ఉంటుంది, ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్తారు. అన్నీ రాయించు. సాయంత్రం ఫోను చేసి నా అంకె చెప్తా. ఆ తేడా మన కొలతలో తప్పా, భూమి వంపా అని మీ పిల్లలు వాదించుకోవాలి.

ఇట్లు,
అత్త